సొరంగం ఇరుకైతే వేగం పెరిగిన ఎంజైమ్: ధాఏ డీహాలోజినేజ్‌పై ఒక కేస్ స్టడీ

చాలా ఎంజైమ్‌లలో రసాయన చర్య జరిగే క్రియాశీల స్థానం ప్రోటీన్ ఉపరితలం మీద కాక లోపల దాగి ఉంటుంది. సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ మార్చే అణువు, అక్కడికి చేరాలన్నా, చర్య ముగిశాక ఉత్పన్నం బయటికి రావాలన్నా, మధ్యలో నీటి అణువులు వచ్చిపోవాలన్నా ప్రోటీన్ గుండా సాగే సన్నని దారి కావాలి. ఆ దారినే ప్రవేశ సొరంగం అంటున్నాం. ఎమిల్ ఫిషర్ 1894లో ప్రతిపాదించిన తాళం–తాళంచెవి నమూనాలో ఈ దారి ప్రస్తావన లేదు. చెక్ గణరాజ్యంలోని బ్ర్నో నగరంలో మసరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన లోష్మిట్ ప్రయోగశాలల పరిశోధకులు 2012లో ఆ నమూనాకు తాళపు రంధ్రాన్ని కూడా చేర్చాలని సూచించారు. ఆ సూచనకు బలమైన ఆధారంగా నిలిచిన కేసునే ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రోటీన్ నిర్మాణాలను గణన పద్ధతులతో పరిశీలించి, ఏ అమైనో ఆమ్లాన్ని మార్చాలో ప్రయోగశాలకు సూచించడం నా వృత్తి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారిలో ఒక నమ్మకం తరచుగా కనిపిస్తుంది: ఎంజైమ్ నెమ్మదిగా పనిచేస్తుంటే సొరంగాన్ని వెడల్పు చేయాలి, సబ్‌స్ట్రేట్ సులువుగా లోపలికి వస్తుంది, వేగం పెరుగుతుంది. వినడానికి సహజంగానే ఉన్న ఈ తర్కం ధాఏ అనే డీహాలోజినేజ్ (క్లోరిన్ వంటి హాలోజన్‌ను తొలగించే ఎంజైమ్) విషయంలో తలకిందులైంది. అక్కడ సొరంగాన్ని ఇరుకు చేసినందువల్లనే వేగం పెరిగింది. ఎందుకు పెరిగిందో అర్థం చేసుకోవాలంటే చర్యలోని ఏ దశ ఆలస్యానికి కారణమవుతోందో ముందుగా తెలుసుకోవాలి.

సమస్య

1,2,3-ట్రైక్లోరోప్రొపేన్ అనే సమ్మేళనం ప్రకృతిలో పుట్టినది కాదు, మనిషి తయారు చేసినది. ఎపీక్లోరోహైడ్రిన్ అనే పారిశ్రామిక రసాయనం తయారీలో ఉప ఉత్పత్తిగా వస్తుంది. రంగులను తొలగించే ద్రావణిగా, జిడ్డు వదిలించే ద్రావణిగా వాడారు. నేలలోని పురుగులను చంపడానికి వాడిన కొన్ని ధూమకారకాల్లో మలినంగా చేరి పొలాల్లోకి వెళ్లింది. నీటికంటే బరువైనది కనుక భూగర్భ జలాల అడుగుకు దిగి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2017లో తాగునీటిలో దీని గరిష్ఠ పరిమితిని లీటరుకు 5 నానోగ్రాములుగా నిర్ణయించిందంటే దీనిని ఎంత ప్రమాదకరంగా భావిస్తున్నారో ఊహించవచ్చు. దీనిని ఇకపై టీసీపీ అని పిలుస్తాను.

టీసీపీని కార్బన్ ఆధారంగా వాడుకుని బతికే బ్యాక్టీరియాను ప్రకృతి నుంచి వేరు చేయడం సాధ్యపడలేదు. అయితే రోడోకాకస్ రోడోక్రస్ అనే బ్యాక్టీరియాలో ఉండే ధాఏ అనే హాలోఆల్కేన్ డీహాలోజినేజ్ టీసీపీ మీద కొద్దిపాటి చర్య చూపుతుంది. టీసీపీలోని ఒక క్లోరిన్‌ను తొలగించి, ఆ చోట హైడ్రాక్సిల్ సమూహాన్ని ఉంచి, 2,3-డైక్లోరోప్రొపనాల్‌గా మారుస్తుంది. ఆ తరువాతి దశలను హాలోఆల్కహాల్ డీహాలోజినేజ్, ఎపాక్సైడ్ హైడ్రోలేజ్ అనే మరో రెండు ఎంజైమ్‌లు నడిపి చివరికి గ్లిసరాల్ దాకా తీసుకెళ్లగలవు. అంటే మొదటి మెట్టు సాఫీగా సాగితే మిగతా దారి సిద్ధంగానే ఉంది. కానీ సహజ ధాఏలో ఒక్కో ఎంజైమ్ అణువు ఒక టీసీపీ అణువును మార్చడానికి సుమారు 25 సెకన్లు తీసుకుంటుంది. సెకనుకు 0.04 చొప్పున నడిచే ఎంజైమ్‌తో కలుషిత జలాలను శుద్ధి చేయాలనుకోవడం ఆచరణలో కుదరని పని.

నీటికి ఉన్న రెండు పాత్రలు

ధాఏ ఆల్ఫా/బీటా హైడ్రోలేజ్ కుటుంబానికి చెందిన ప్రోటీన్. దాని స్ఫటిక నిర్మాణం 1999లో వెలువడింది. ప్రధాన భాగం మీద టోపీలా మరో భాగం కప్పి ఉంటుంది. రెండింటి మధ్య నీటిని ఇష్టపడని గోడలతో ఒక గుహ ఉంటుంది. ఆ గుహలోనే చర్య జరుగుతుంది.

చర్యను రెండు ఘట్టాలుగా చూడాలి. మొదటి ఘట్టంలో ప్రోటీన్ గొలుసులో 106వ స్థానంలోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం తన ఆక్సిజన్‌తో సబ్‌స్ట్రేట్‌లోని కార్బన్‌ను వెనుక వైపు నుంచి తాకుతుంది. కార్బన్–క్లోరిన్ బంధం తెగిపోతుంది. విడిపోయిన క్లోరైడ్ అయాన్‌ను 107వ ట్రిప్టోఫాన్, 41వ ఆస్పరజీన్ పట్టి నిలుపుతాయి. సబ్‌స్ట్రేట్‌లో మిగిలిన భాగం ఎంజైమ్‌కు ఎస్టర్ బంధంతో అతుక్కుపోతుంది. రెండో ఘట్టంలో 272వ హిస్టిడిన్ ఒక నీటి అణువు నుంచి ప్రోటాన్‌ను లాగి, ఆ నీటితో ఎస్టర్ బంధాన్ని తెంపిస్తుంది. ఈ పనిలో హిస్టిడిన్‌కు 130వ గ్లుటమేట్ తోడుగా ఉంటుంది. ఆ తరువాత ఆల్కహాల్, క్లోరైడ్ రెండూ బయటికి వెళ్లిపోవాలి.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, రెండో ఘట్టానికి నీరు తప్పనిసరి. మొదటి ఘట్టానికి అదే నీరు ఆటంకం. ఆస్పార్టేట్‌లో దాడి చేసే భాగమైన కార్బాక్సిలేట్ చుట్టూ నీటి అణువులు చేరి హైడ్రోజన్ బంధాలు ఏర్పరిస్తే దాని దాడి చేసే శక్తి తగ్గుతుంది. కర్బన రసాయన శాస్త్రం చదివినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. ఇలా వెనుక నుంచి దాడి చేసి ఒక సమూహాన్ని తొలగించే ఎస్‌ఎన్2 చర్యలు నీటిలో కంటే ప్రోటాన్ ఇవ్వని ద్రావణులలో వేగంగా నడుస్తాయని ఇంటర్ దాటిన ప్రతి విద్యార్థీ చదువుతాడు. దీనికి తోడు, గుహలో నీరు ఎక్కువగా ఉంటే టీసీపీ అణువు దాడికి అనువైన కోణంలో కుదురుగా నిలబడదు. సహజ ధాఏకు ఇష్టమైన 1-క్లోరోబ్యూటేన్ వంటి సన్నని పొడవాటి అణువులకు ఈ ఇబ్బంది అంతగా ఉండదు. మూడు కార్బన్ల మీదా ఒక్కో క్లోరిన్ మోస్తున్న టీసీపీకి మాత్రం సరైన భంగిమ దొరకడమే కష్టం.

ఇక్కడే సొరంగం ప్రస్తావన వస్తుంది. సబ్‌స్ట్రేట్ వచ్చే దారిలోనే నీరు కూడా వస్తుంది.

సొరంగాన్ని కొలిచే తీరు

ధాఏలో రెండు ముఖ్యమైన దారులు ఉన్నాయి. ఒకదానిని ప్రధాన సొరంగం అంటారు. రెండోది సన్నని చీలికలా ఉండే పక్క సొరంగం. స్ఫటిక నిర్మాణాన్ని తెర మీద తిప్పి చూస్తే ప్రధాన సొరంగం నోరు కంటికే కనిపిస్తుంది, కానీ కంటి అంచనా మీద ఏ అమైనో ఆమ్లాన్నీ మార్చకూడదు. నేను ఈ పనికి కేవర్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడతాను. ఇది కూడా బ్ర్నో బృందం రూపొందించినదే. దాని మూడో రూపం 2012లో వచ్చింది. ప్రోటీన్‌లోని పరమాణువుల మధ్య ఖాళీలను వొరనోయ్ చిత్రంగా (ఏ చోటు ఏ పరమాణువుకు దగ్గరో చూపే విభజనగా) మార్చి, క్రియాశీల స్థానం నుంచి బయటి ద్రావణం దాకా తక్కువ ఖర్చుతో, అంటే వీలైనంత పొట్టిగా, వెడల్పుగా, వెళ్లగల దారులను అది వెతుకుతుంది.

మొదట స్ఫటికంలోని నీటి అణువులను, ఇతర చిన్న అణువులను ఫైలు నుంచి తీసేయాలి. లేకపోతే అవే దారికి అడ్డుగోడలుగా లెక్కకొస్తాయి. తరువాత ప్రారంభ బిందువును ఎంచుకోవాలి. ధాఏలో నేను దానిని 106వ ఆస్పార్టేట్ కార్బాక్సిలేట్‌కూ, హాలైడ్‌ను పట్టే 41, 107 స్థానాలకూ నడుమ ఉన్న ఖాళీలో ఉంచుతాను. ఈ బిందువు ఒకటి రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు పక్కకు జరిగి గోడలోకి పోతే వచ్చే దారుల జాబితా మొత్తం అర్థరహితం అవుతుంది. అన్వేషణ గోళం వ్యాసార్థాన్ని 0.9 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర ఉంచితే సన్నని దారులు కూడా దొరుకుతాయి. దొరికిన ప్రతి దారికీ అత్యంత ఇరుకైన చోటు ఎక్కడుందో, ఆ చోటును ఏ అమైనో ఆమ్లాలు చుట్టుముట్టాయో పట్టిక వస్తుంది. ఆ పట్టికే ఇంజినీరింగ్‌కు అసలు ముడిసరుకు.

ఒక్క స్ఫటిక నిర్మాణం మీద ఈ లెక్క చేసి ఆగిపోవడం సరిపోదని గట్టిగా చెబుతాను. స్ఫటికం ప్రోటీన్‌కు ఒక క్షణపు ఫోటో మాత్రమే. ద్రావణంలో టోపీ భాగంలోని హెలిక్స్‌లు నిరంతరం కదులుతుంటాయి, పక్క గొలుసులు తిరుగుతుంటాయి, ఒక క్షణం మూసుకున్న దారి మరో క్షణం తెరుచుకుంటుంది. అందుకే అణు గతిక అనుకరణ (ప్రోటీన్ కదలికలను కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) నడిపి, అందులోని వేలాది చిత్రాలలో ప్రతిదానికీ ఇరుకు చోటు వ్యాసార్థాన్ని లెక్కించి, నీటి అణువు వ్యాసార్థమైన 1.4 ఆంగ్‌స్ట్రామ్‌కు మించి అది ఎంత శాతం సమయం తెరిచి ఉందో చూడాలి. సగటు వ్యాసార్థం ఒకేలా ఉన్న రెండు మ్యుటెంట్లు (అమైనో ఆమ్లాలు మార్చిన ఎంజైమ్ రూపాలు) తెరుచుకునే శాతంలో పూర్తిగా వేరుగా ఉండవచ్చు.

2009 నాటి ఫలితం

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు నిర్దేశిత పరిణామ పద్ధతిలో, అంటే యాదృచ్ఛిక మార్పులు చేస్తూ మెరుగైన వాటిని ఏరుకుంటూ, 2002లో ధాఏకు రెండు మార్పులు సాధించారు: 176వ సిస్టీన్ టైరోసిన్ అయింది, 273వ టైరోసిన్ ఫినైల్ అలనీన్ అయింది. టీసీపీ మీద చర్య మెరుగుపడింది గాని చాలినంత కాదు. ఈ రెండింటిలో 176వ స్థానం ప్రధాన సొరంగం నోటి దగ్గర ఉండటం బ్ర్నో బృందం దృష్టిని ఆకర్షించింది. క్రియాశీల స్థానంలో ఏ మార్పూ చేయకుండా, సొరంగాల గోడల్లోని స్థానాలను గణన పద్ధతితో గుర్తించి, వాటినే యాదృచ్ఛికం చేసి గాలిస్తే ఎలా ఉంటుందన్నది వారి ఆలోచన. 135, 245, 246 స్థానాలను ఎంచుకుని మ్యుటెంట్ల లైబ్రరీలు తయారు చేశారు.

2009లో ప్రకటించిన ధాఏ-31 అనే మ్యుటెంట్‌లో 135వ ఐసోల్యూసీన్, 245వ వాలీన్ రెండూ ఫినైల్ అలనీన్‌లుగా మారాయి. 246వ ల్యూసీన్ ఐసోల్యూసీన్ అయింది. 176, 273 స్థానాల పాత మార్పులు అలాగే ఉన్నాయి. దారి గోడల్లోకి పెద్ద పెద్ద అరోమాటిక్ వలయాలు వచ్చి చేరాయన్నమాట. దారులు ఇరుకయ్యాయి. టీసీపీ మీద వేగం సెకనుకు 0.04 నుంచి 1.26కు, అంటే 32 రెట్లకు పెరిగింది. ఉత్ప్రేరక సామర్థ్యం, అంటే ఆ వేగాన్ని మైకేలిస్ స్థిరాంకంతో భాగిస్తే వచ్చేది, మోలార్‌కు సెకనుకు 40 నుంచి 1050కి, అంటే 26 రెట్లకు చేరింది.

ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి ఒక చిన్న భాగహారం చేయమని ప్రతి విద్యార్థికీ చెబుతాను. 0.04ను 40తో భాగిస్తే సహజ ఎంజైమ్ మైకేలిస్ స్థిరాంకం, అంటే గరిష్ఠ వేగంలో సగం రావడానికి కావాల్సిన సబ్‌స్ట్రేట్ గాఢత, 1 మిల్లీమోలార్ వస్తుంది. 1.26ను 1050తో భాగిస్తే ధాఏ-31కి 1.2 మిల్లీమోలార్ వస్తుంది. దాదాపు మార్పు లేదు. సొరంగం మారితే సబ్‌స్ట్రేట్ బంధనం మారుతుందని ఆశించేవారికి ఈ జవాబు ఆశ్చర్యం కలిగిస్తుంది. మైకేలిస్ స్థిరాంకం శుద్ధమైన బంధన స్థిరాంకం కాదని, తరువాతి దశల వేగాలు కూడా అందులో కలిసి ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఏమైనా, ఇక్కడ లాభం మొత్తం దాదాపు వేగం వైపే ఉంది. సొరంగంలో చేసిన మార్పు ఫలితం లోపలి రసాయన దశలో కనిపించింది.

ఇలాంటి సంఖ్యలు నమ్మదగినవి కావాలంటే కొలత శ్రద్ధగా జరగాలి. డీహాలోజినేజ్‌లకు సాధారణంగా ఇవాసాకి పద్ధతి వాడతారు. చర్య నడుస్తున్న మిశ్రమం నుంచి కొద్దికొద్దిగా తీసి నైట్రిక్ ఆమ్లంలో కలిపి ఆపేస్తారు. దానికి మెర్క్యురిక్ థయోసయనేట్, ఫెర్రిక్ అమ్మోనియం సల్ఫేట్ చేరుస్తారు. విడుదలైన క్లోరైడ్ పాదరసాన్ని పట్టుకుంటుంది, థయోసయనేట్ విడిపోయి ఇనుముతో కలిసి నారింజ ఎరుపు రంగు ఇస్తుంది, ఆ రంగును 460 నానోమీటర్ల దగ్గర చదువుతారు. చర్య గ్లైసీన్ బఫర్‌లో, పీహెచ్ 8.6 వద్ద, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నడుస్తుంది. ఈ పరీక్షకు పెద్ద శత్రువు బయటి నుంచి వచ్చే క్లోరైడ్. నికెల్ కాలమ్ మీద శుద్ధి చేసిన ఎంజైమ్‌ను ఉప్పు ఉన్న బఫర్ నుంచి డయాలిసిస్‌తో పూర్తిగా మార్చకపోతే సీసాలో ఎంజైమ్ పడగానే రంగు వచ్చేస్తుంది. రెండో శత్రువు టీసీపీ ఆవిరయ్యే గుణం. బిగుతైన మూత ఉన్న గాజు సీసాలో, సిరంజితో మాత్రమే నమూనా తీయాలి. నీటిలో టీసీపీ లీటరుకు సుమారు 1.75 గ్రాములు, అంటే దాదాపు 12 మిల్లీమోలార్ దాకా కరుగుతుంది కనుక 1 మిల్లీమోలార్ మైకేలిస్ స్థిరాంకాన్ని రెండు వైపులా కొలవడానికి వీలుంటుంది. అంతకంటే బలహీనమైన బంధనం ఉన్న మ్యుటెంట్‌కు ఆ వీలు ఉండదు.

ఆలస్యం ఒక దశ నుంచి మరో దశకు

పైన చెప్పినట్టు మొత్తం వేగాన్ని కొలిచే స్థిర స్థితి కొలతలతో ఏ దశ నెమ్మదిగా ఉందో తెలియదు. చర్య మొదలైన మొదటి క్షణాలను మిల్లీసెకన్ల స్థాయిలో పట్టుకునే పద్ధతులు కావాలి. అలా చూసినప్పుడు సహజ ధాఏలో టీసీపీకి కార్బన్–క్లోరిన్ బంధం తెగడమే వేగ నిర్ణాయక దశ అని తేలింది. ధాఏ-31లో ఆ దశ వేగవంతమైంది. ఆలస్యం ఉత్పన్నం బయటికి వెళ్లే దశకు మారింది.

ఈ ఒక్క పరిశీలనలోనే కేసు అంతరార్థం ఉందని నా అభిప్రాయం. దారి ఇరుకైతే నీరు తక్కువగా వస్తుంది, ఆస్పార్టేట్ దాడి సులువవుతుంది, టీసీపీ సరైన భంగిమలో నిలుస్తుంది. అదే సమయంలో 2,3-డైక్లోరోప్రొపనాల్ బయటపడటం కష్టమవుతుంది. సహజ ఎంజైమ్‌లో మొదటి దశ ఎంత నెమ్మదిగా ఉండేదంటే, రెండో నష్టం లెక్కలోకి రావడానికి ముందే మొదటి లాభం 32 రెట్లు సంపాదించింది. ఇదే మ్యుటెంట్‌ను మొదటి నుంచీ బంధం సులువుగా తెగే సబ్‌స్ట్రేట్ మీద ప్రయోగిస్తే లాభం లేకుండా నష్టం మాత్రమే మిగలవచ్చు. కనుక ఈ సొరంగం మంచిదా, ఆ సొరంగం మంచిదా అన్న ప్రశ్నకు సబ్‌స్ట్రేట్ పేరు చెప్పకుండా జవాబు లేదు. నా దగ్గరికి ఎవరైనా సొరంగం ఇంజినీరింగ్ కోసం ఎంజైమ్ తెస్తే, నిర్మాణం ఫైలు తెరవడానికి ముందే వేగ నిర్ణాయక దశ గురించి అడుగుతాను.

176వ స్థానం తరువాతి కథ

ఈ స్థానం గురించి కొంచెం విడిగా చెప్పాలి. ఎందుకంటే ధాఏ మీద ఆ తరువాత జరిగిన దాదాపు ప్రతి ముఖ్యమైన పనిలోనూ ఇదే స్థానం మళ్లీ ఎదురవుతుంది.

2013లో అదే బ్ర్నో బృందం వేరే లక్ష్యంతో పనిచేసింది: ఎంజైమ్ సేంద్రియ ద్రావణులను తట్టుకోవాలి. ధాఏ-80 అనే మ్యుటెంట్‌లో సొరంగం గోడలోని 148వ థ్రియోనిన్‌ను ల్యూసీన్‌గా, 171వ గ్లైసీన్‌ను గ్లుటమీన్‌గా, 172వ అలనీన్‌ను వాలీన్‌గా, 176వ సిస్టీన్‌ను ఫినైల్ అలనీన్‌గా మార్చారు. కేవలం ఈ నాలుగు మార్పులతో డీఎమ్‌ఎస్‌ఓ అనే సేంద్రియ ద్రావణి 40% ఉన్న మిశ్రమంలో ఎంజైమ్ అర్ధాయువు నిమిషాల నుంచి వారాలకు పెరిగింది. వేడికి ప్రోటీన్ ముడతలు విడిపోయే ఉష్ణోగ్రత 19 డిగ్రీలు పెరిగింది. గోడలు గట్టిగా సర్దుకుని, డీఎమ్‌ఎస్‌ఓ అణువులు లోపలికి దూరే వీలు తగ్గడం దీనికి కారణం. కాని బఫర్‌లో చర్య బాగా పడిపోయింది. మూసిన తలుపు ద్రావణినీ ఆపింది, సబ్‌స్ట్రేట్‌నూ ఆపింది.

2015లో దీనికి సవరణ వచ్చింది. మార్చిన నాలుగింటిలో రెండు స్థానాలను మళ్లీ యాదృచ్ఛికం చేసి చూస్తే, 176వ స్థానంలోని ఫినైల్ అలనీన్‌ను గ్లైసీన్‌గా మార్చిన మ్యుటెంట్ ముందుకొచ్చింది. 1,2-డైబ్రోమోఈథేన్ మీద దాని చర్య ధాఏ-80తో పోలిస్తే బఫర్‌లో 32 రెట్లు, 40% డీఎమ్‌ఎస్‌ఓలో 10 రెట్లు ఎక్కువ; స్థిరత్వం మాత్రం పెద్దగా తగ్గలేదు. అనుకరణలలో సహజ ఎంజైమ్ సొరంగం 58% సమయం తెరిచి ఉండగా, ధాఏ-80లో అది 0.02% మాత్రమే, కొత్త మ్యుటెంట్‌లో 48%. ఒకే ఒక్క పక్క గొలుసును తీసేస్తే సొరంగం నోరు వెడల్పు కావడమే కాక, దాని చుట్టూ ఉన్న హెలిక్స్‌ల కదలిక కూడా తిరిగి వచ్చింది. 0.02కూ 48కీ మధ్య ఉన్న ఈ తేడా ఏ స్ఫటిక నిర్మాణంలోనూ ఇంత స్పష్టంగా కనిపించదు.

టీసీపీ కోసం అదే చోట టైరోసిన్ లాభించింది, డైబ్రోమోఈథేన్ కోసం గ్లైసీన్ లాభించింది. కణ జీవశాస్త్రంలో ప్రోటీన్లకు రంగు అణువులను తగిలించడానికి విరివిగా వాడే హాలోట్యాగ్ కూడా ధాఏ నుంచి పుట్టినదే. అందులో 272వ హిస్టిడిన్‌ను తొలగించి రెండో ఘట్టం జరగకుండా చేశారు కనుక లిగాండ్ (లోపలికి వచ్చి పట్టుకునే అణువు) ఎంజైమ్‌కు శాశ్వతంగా అతుక్కుపోతుంది. అక్కడా 176వ సిస్టీన్ గ్లైసీన్‌గానే మారింది. క్లోరోఆల్కేన్ గొలుసు సొరంగం గుండా లోపలికి వెళ్లాలి, దాని చివరన కట్టిన భారీ రంగు అణువు బయట నోటి దగ్గరే ఉండాలి. అక్కడ చోటు ఎందుకు అవసరమో చెప్పనక్కర్లేదు.

పొరుగు ఎంజైమ్‌లో అదే ప్రయోగం

లిండేన్ అనే పురుగుమందును విచ్ఛిన్నం చేసే జపాన్ బ్యాక్టీరియా యూటీ26లో లిన్‌బి అనే డీహాలోజినేజ్ ఉంది. ధాఏలోని 176కు సరిపోలే స్థానం లిన్‌బిలో 177. సహజంగా అక్కడ ల్యూసీన్ ఉంటుంది. దాని చోట ట్రిప్టోఫాన్‌ను ఉంచిన మ్యుటెంట్‌ను పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితం, ఈ కేసులో నేను ఇంతవరకు చెప్పిన తర్కాన్ని ఎదురు దిక్కు నుంచి నిర్ధారిస్తుంది. సహజ లిన్‌బిలో బ్రోమైడ్ అయాన్ ఒక్క దశలో బయటికి వెళుతుంది. మ్యుటెంట్‌లో అది రెండు దశల ప్రక్రియగా మారింది, పైగా బ్రోమైడ్ విడుదల వేగమే మొత్తం ఎంజైమ్ వేగంతో సమానమైంది. దారిలోని ట్రిప్టోఫాన్ బయటికి వెళ్లే అయాన్‌తో సంకర్షణ జరిపి దాన్ని ఆపుతోందని శక్తి అవరోధాల లెక్కలు చూపాయి. చర్య జరిగే చోటును తాకకుండానే ఎంజైమ్ చక్రంలోని నెమ్మది దశను మార్చవచ్చని దీనితో నేరుగా రుజువైంది.

2016లో ఇంకో అడుగు ముందుకు పడింది. ట్రిప్టోఫాన్‌తో ప్రధాన సొరంగాన్ని మూసి ఉంచి, ప్రోటీన్‌లో మరోచోట, సహజంగా దారి లేని వైపు, కొత్త సొరంగాన్ని తవ్వారు. 140వ ట్రిప్టోఫాన్‌ను అలనీన్‌గా, 143వ ఫినైల్ అలనీన్‌ను ల్యూసీన్‌గా, 211వ ఐసోల్యూసీన్‌ను ల్యూసీన్‌గా మార్చడంతో అది సాధ్యమైంది. సొరంగం మూసిన మ్యుటెంట్లలో సబ్‌స్ట్రేట్ ఎక్కువైనప్పుడు అదే ఎంజైమ్‌కు అడ్డుపడే గుణం, అంటే సబ్‌స్ట్రేట్ నిరోధం, 32 రెట్ల వరకు పెరిగింది, వేగం 17 రెట్ల వరకు తగ్గింది. కొత్త దారి తెరవగానే ఆ నిరోధం సహజ ఎంజైమ్ స్థాయికి తిరిగి వచ్చింది. 1,2-డైబ్రోమోఈథేన్ మీద, 37 డిగ్రీల వద్ద, పీహెచ్ 8.6లో, వేగం సెకనుకు 57కు చేరింది. అప్పటికి ప్రకటితమైన హాలోఆల్కేన్ డీహాలోజినేజ్‌లన్నింటిలోనూ అదే అత్యధికం.

ఈ చివరి ఫలితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వేగం కంటే సబ్‌స్ట్రేట్ నిరోధం. ఉత్పన్నం ఇంకా లోపల ఉండగానే రెండో సబ్‌స్ట్రేట్ అణువు సొరంగంలోకి వచ్చి నిలిస్తే ఆ నిరోధం పుడుతుంది. లోపలికి వచ్చేందుకు, బయటికి వెళ్లేందుకు ఒకే ఇరుకు దారి ఉన్నప్పుడు అది తీవ్రమవుతుంది. టీసీపీ విషయంలో ధాఏ-31 ఇప్పుడు ఆగిపోయి ఉన్నది సరిగ్గా ఉత్పన్న విడుదల దగ్గరే. నీటిని దూరం పెట్టే పాత దారిని అలాగే ఉంచి, 2,3-డైక్లోరోప్రొపనాల్ పరిమాణానికి మాత్రమే సరిపోయే రెండో నిష్క్రమణ మార్గాన్ని వేరే గోడలో తెరవగలమా అన్నది ఈ ఎంజైమ్ మీద పనిచేసేవారు ముందుగా పరీక్షించాల్సిన ప్రశ్న అని నేను భావిస్తున్నాను. దాన్ని పరీక్షించేటప్పుడు ప్రతి మ్యుటెంట్‌కూ మూడు విషయాలు విడివిడిగా కొలవాలి: బంధం తెగే వేగం, ఉత్పన్నం విడుదలయ్యే వేగం, అనుకరణలో గుహలోని సగటు నీటి అణువుల సంఖ్య. మొదటి రెండు పెరిగి మూడోది పెరగకపోతేనే కొత్త దారి పనికొచ్చినట్టు.